తెరవకూడని కవరు

ఇనుప మెట్ల మేడ, పై గది
మార్చి 4

అన్నయ్యకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి మానేస్తున్నాను. ఒక మనిషి కుశలంగా ఉన్నాడని పొద్దున పేపర్లో చూశాను. అప్పట్నుంచి నా కడుపు మండిపోతోంది.

మీ రచయితల సంఘం వాళ్ళు స్క్రీన్‌ప్లే పోటీ పెడుతున్నారట. గెలిచినదాన్ని సినిమాగా తీస్తారట. ప్రకటన పక్కనే ముఖ్య న్యాయనిర్ణేత ఫొటో, చెంప కింద చెయ్యి పెట్టుకుని. ఆవులింత! జుట్టు పల్చబడింది గానీ మొహంలో ఆ నిగారింపు అలాగే ఉంది. నువ్వు ఆ సంఘం ఆఫీసులోనే గుమాస్తావి కదా. ఈ సంగతి నీకు నెల కిందటే తెలిసుండాలి. నాకెందుకు రాయలేదు?

ఆయనకి ఆ పేరు పెట్టింది నేనే, మర్చిపోయావేమో. ఆయన దగ్గర టైపిస్టుగా చేసిన నాలుగేళ్ళూ చూశాను. కొత్త రచయిత ఎవరైనా వచ్చి కథ చెబుతుంటే నోరంతా తెరిచి ఆవులించేవాడు. తమ కథ బాగోలేదు కాబోలనుకుని వాళ్ళు తల వంచుకుని మెట్లు దిగిపోయేవాళ్ళు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే కథ ఆయన పేరుతో నా మిషను మీదికి టైపుకి వచ్చేది. ఇంత తెలిసీ నా కథ కార్బన్ కాపీని ఆయన ఆఫీసులోనే నా సొరుగులో పెట్టుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు. అక్కణ్ణుంచే తీసి ఉంటాడు.

గడియారాలు బాగుచేసే కొట్టు, అందులో అక్కాచెల్లెళ్ళు. నాన్న వదిలివెళ్ళిన గోడగడియారాన్ని అక్క రహస్యంగా అమ్మేసి, దొంగలెత్తుకుపోయారని చెల్లెల్ని నమ్మిస్తుంది. నలభై మూడో సీనులో అక్క తప్పు ఒప్పుకోవాలి. ఆ ఒక్క సీను నాకు రాయడం రాలేదు. సొంత చెల్లెలికి చేసిన ద్రోహాన్ని మనిషి ఏ మాటతో మొదలుపెట్టి చెబుతుందో నాకు తెలీలేదు. నంబరు ఖాళీగా వదిలేసి నలభై నాలుగుకి వెళ్ళిపోయాను. ఆవులింత అది కూడా గమనించకుండా ఉన్నదున్నట్టు సినిమాగా తీయించాడు. అక్క నోరు విప్పకుండానే సినిమా అయిపోయింది. "ఆ మౌనం మహాద్భుతం" అని పేపర్లు రాశాయి. ఆ మౌనం గురించి ఆయన ఇప్పటికీ వేదికలెక్కి గంటలకొద్దీ మాట్లాడతాడు.

నేనేమో ఇక్కడ ఇస్త్రీపెట్టెలకీ ఫ్యాన్లకీ సూచనల పుస్తకాలు రాస్తున్నాను. "ప్లగ్గు తీసిన తర్వాతే తుడవండి." పదకొండేళ్ళుగా నేను రాసినవన్నీ జాగ్రత్తలే.

ఇప్పుడు విను. అదే కథ, అవే సీన్లు మళ్ళీ టైపు చేసి పోటీకి పంపుతున్నాను. ఈసారి నలభై మూడు కూడా రాశాను. ఆయన చదువుతాడు. ఇది నా సినిమా, ఎవడో కాపీ కొట్టాడు అని అరుస్తాడు. అరవాలి. మీ నిబంధనల్లో పదకొండోది చూశావుగా? కాపీ అని ఫిర్యాదు వస్తే ఇద్దరూ కమిటీ ముందు తమ తొలి ప్రతి పెట్టాలి. నా తొలి ప్రతి నీ ఇనుప పెట్టెలో ఉంది. కథ రాసిన ప్రతివాళ్ళూ చేసినట్టే లక్క సీలు వేసి, రిజిస్టరు పోస్టులో నీ ఇంటికి పంపి, తెరవకుండా దాచమన్నాను. కవరు మీద పోస్టాఫీసు తారీఖు ఆయన సినిమా కంటే ఎనిమిది నెలలు ముందుది. అందరి ముందూ ఆ సీలు పగలగొట్టాలి. అప్పుడు ఆవులిస్తాడేమో చూడాలి.

సినిమా వచ్చినప్పుడే గొడవ చేస్తానంటే నువ్వు కాళ్ళావేళ్ళా పడి ఆపావు. "సమయం రానీ, కవరు ఎక్కడికీ పోదు" అన్నావు. సమయం వచ్చింది. కవరు భద్రమేనా?

నీ చెల్లెలు

*

నీళ్ళ ట్యాంకు వీధి, కింది వాటా
మార్చి 11

చెల్లాయికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ వదిన మోకాలి నొప్పి కొంచెం నయం. వంటింట్లో కుళాయి వారం నుంచి కారుతోంది. కింద బకెట్టు పెట్టాం, ఆ చప్పుడుకి మీ వదిన నన్ను తిడుతోంది, కారేది నేనైనట్టు.

ఆయన్ని పిలిచారని నాకు ముందే తెలుసు. నీకు రాస్తే బాధపడతావని రాయలేదు. పోటీలో నా పని ఏమిటంటే, వచ్చిన ప్రతి స్క్రీన్‌ప్లేకి పేరున్న మొదటి పేజీని స్కేలు పెట్టి బ్లేడుతో కోసి, లోపల నంబరు వేసి, కోసిన పేజీలు బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. ఎవరు రాశారో న్యాయనిర్ణేతలకి తెలియకూడదు. సంఘం ఉద్యోగుల బంధువులు పాల్గొనకూడదని కూడా నిబంధన ఉంది. అది ఆరోది. నువ్వు పదకొండు దాకా చదివావు, ఆరు కూడా చూసే ఉంటావు.

టకటకా, నీ టైపు మిషను చప్పుడుని బట్టి నేను పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను, నా మాట విను. పదకొండేళ్ళయింది. కొత్త కథ రాసి వేరే పోటీకి పంపు. నీ చేతిలో పని ఉంది. ఆయన మీద కోపంతో నీ వేళ్ళు పాడుచేసుకోకు.

కుళాయి మనిషి వచ్చాడు. ఉంటాను.

అన్నయ్య

*

ఇనుప మెట్ల మేడ, పై గది
మార్చి 17

అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుళాయి ఉంది, బకెట్టు ఉంది, వదిన మోకాలు ఉంది. కవరు లేదు. అడిగింది అదొక్కటే.

ఆరో నిబంధన చూశాను. నువ్వు నోరు విప్పకపోతే చాలు, నా ఇంటిపేరు వేరు, ఊరు వేరు. బహుమతి నాకు అక్కర్లేదు. గెలిచినా వెళ్ళి తీసుకోను. నాకు కావలసింది ఆయన ఆ గదిలో నిలబడి, పది మంది చూస్తుండగా మాట రాక తడబడటం. పదకొండేళ్ళ పాటు రోజూ అన్నంలా కలుపుకుని తిన్నాను ఆ ఒక్క దృశ్యాన్ని. కొత్త కథ రాయమంటున్నావు. రాద్దామని కూర్చుంటే ప్రతి పాత్రా ఆయన మొహమే పెట్టుకుని వస్తోంది. ముందు ఇది తేలాలి.

స్క్రీన్‌ప్లే ఇవాళే పోస్టులో వేశాను. ఎప్పట్లాగే ఆకుపచ్చ దారంతో ఎడమ పక్క మూడు కుట్లు. నువ్వు చూడగానే గుర్తుపడతావు. గుర్తుపట్టనట్టుండు.

చెల్లెలు

*

నీళ్ళ ట్యాంకు వీధి
ఏప్రిల్ 2

చెల్లాయికి,

అందింది. నూట పదిహేడో నంబరు వేశాను. ఆకుపచ్చ దారం చూడగానే కాసేపు బ్లేడు పట్టుకోలేకపోయాను. తర్వాత మొదటి పేజీ తిన్నగా కోసి బీరువాలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా.

అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు చదివాను. చదవకూడదు, అయినా చదివాను. కొట్టు సీన్లన్నీ బంగారం. నలభై మూడు మాత్రం ఒప్పలేదురా. నీ అక్క లోపలికొస్తూనే "గడియారం నేనే అమ్మాను" అని బావురుమంటుంది. అంత తేలిగ్గా రాదమ్మా ఆ మాట. తప్పు చేసినవాళ్ళు ముందు వేరేవన్నీ మాట్లాడతారు. ఎండ ఎక్కువగా ఉందంటారు. తలుపు కిర్రుమంటోంది నూనె వెయ్యాలంటారు. చెబుదామనే వస్తారు, చెప్పకుండా వెళ్ళిపోతారు. ఆ తర్వాత చెప్పనిది చెప్పనంతకాలం పెద్దదవుతుంది. నాకు తోచింది రాశాను.

కుళాయి బాగైంది. ఇప్పుడు గోడ చెమ్మగిల్లుతోంది.

అన్నయ్య

*

ఇనుప మెట్ల మేడ
ఏప్రిల్ 9

అన్నయ్యా,

ఆఫీసు గుండుసూది కూడా ఇంటికి తేని మనిషివి. ఆరో నిబంధన ఇంత సులువుగా మింగేస్తావనుకోలేదు. నా కోసమే చేశావని తెలుసు. ఈ జన్మలో నీ మీద కోపం తెచ్చుకోనని ఇప్పుడే రాసిస్తున్నాను, దాచుకో.

నలభై మూడు గురించి నువ్వన్నది నిజమే. నాకే నచ్చలేదు. అయితే ఈ వ్యవహారాలన్నీ నువ్వెప్పుడు నేర్చావు? నీ జీవితంలో నువ్వు చేసిన పెద్ద తప్పు ఏమిటంటే ఒకసారి నా గొడుగు బస్సులో మర్చిపోవడం.

రోజూ పని మధ్యలో ఆ కమిటీ గది ఊహించుకుంటున్నాను. ఇవాళ ఫ్యాన్ పుస్తకంలో "రెక్కలు తిరుగుతున్నప్పుడు చెయ్యి పెట్టవద్దు" అని రాయాల్సింది, "పెట్టి చూడు" అని టైపు చేశాను. మా మేనేజరు ముసిముసిగా నవ్వి దిద్దింది.

కవరు సంగతి మళ్ళీ రాయలేదు నువ్వు. వానలు మొదలవుతాయి. గోడ చెమ్మ అంటున్నావు, పెట్టె ఆ గోడకే ఆనించి ఉంటుంది కదా. తీసి బీరువాలో పెట్టు.

చెల్లెలు

*

నీళ్ళ ట్యాంకు వీధి
జులై 20

చెల్లాయికి,

నువ్వు కోరుకున్నది జరిగింది.

రెండొందల పైచిలుకు స్క్రీన్‌ప్లేల్లో పాతిక మిగిలాయి. అందులో నీది ఉంది. ఆ పాతికా ఆవులింతకి ఇచ్చాం. నిన్న మధ్యాహ్నం ఆయన తన గదిలోంచి నీ కాగితాల కట్ట ఊపుకుంటూ హాల్లోకి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "ఎవడు వీడు? నా సినిమాని నాకే పంపిస్తాడా? పైగా నా మౌనంలో డైలాగులు రాస్తాడా?" అని అరిచాడు. నీ నలభై మూడో సీనే ఆయన్ని ఎక్కువ మండించింది. చేతిలో ఉన్న కట్ట నా బల్ల మీదే విసిరాడు. "నంబరు నూట పదిహేడు ఎవరో బీరువా తీసి చూడవయ్యా" అన్నాడు. కమిటీ చెబితే తప్ప తీయకూడదండీ అన్నాను. ఆయన నా వంక తేరిపార చూశాడు. చూసి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాడు.

ఆగస్టు 8న విచారణ. కమిటీకి పెద్ద ఒకావిడ, సినిమాలకి ఎడిటింగ్ చేస్తుంది. ఇద్దరూ తొలి ప్రతులు తేవాలని నోటీసు. నీకు వేరేగా వస్తుంది. ఆయన తన దగ్గర తొలి ప్రతి భద్రంగా ఉందని, టైపిస్టుకి తనే చెప్పి రాయించానని అప్పుడే చెప్పుకుంటున్నాడు.

మీ వదినకి మోకాలు మళ్ళీ తిరగబెట్టింది. పెట్టె సంగతి తర్వాత రాస్తాను.

అన్నయ్య

*

ఇనుప మెట్ల మేడ
జులై 25

అన్నయ్యా!

నోటీసు వచ్చింది. గోడకి అంటించుకున్నాను. నా మౌనంలో డైలాగులట! ఆయన మౌనమట! చదివి ఎంత నవ్వానంటే కింది వాటావిడ పైకి వచ్చి చూసి వెళ్ళింది.

సెలవు పెట్టాను. ఏడో తారీఖు బండికి వస్తాను. తిన్నగా మీ ఇంటికే వచ్చి కవరు నా చేత్తో తీసుకుంటాను. పెట్టె సంగతి తర్వాత ఎప్పుడు? కవరు ఉందా, చెమ్మ తగిలిందా, సీలు సరిగ్గా ఉందా, మూడు ముక్కలు రాయి చాలు. ఈసారి వదిన మోకాలి గురించి రాశావంటే ఆ మోకాలు నేనే విరగ్గొడతాను.

చెల్లెలు

*

నీళ్ళ ట్యాంకు వీధి
జులై 30

టకటకా,

దీనిలో కుళాయి గురించి రాయను.

కవరు చెమ్మగిల్లలేదు. సీలు లేదు. చించింది నేను. పదకొండేళ్ళ కిందట, నువ్వు పంపిన ఇరవై రోజులకే.

నువ్వు ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడల్లా మీ ఆయనగారికి చూపించమని నేను పోరితే, "ఆయనకి చూపిస్తానన్నయ్యా, ఇంకో నెల పోనీ" అనేదానివి. అప్పటికింకా ఆయన ఆవులింత అసలు రంగు నువ్వు నాకు చెప్పలేదు. పెద్ద రచయిత, మా చెల్లెలు మొహమాటపడుతోంది అనుకున్నాను. నేనే చూపించి, ఆయన మెచ్చుకుని, ఆయన నోటితోనే నీకు తెలిస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. సీలు చించుతున్నప్పుడు నాకు పండగలా ఉంది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

నీ పేరు చూస్తే "మన టైపిస్టుదా" అని పక్కన పడేస్తాడని భయం వేసింది. అందుకని మొదటి పేజీ బ్లేడుతో కోశాను. అలవాటు లేని పని. వంకరగా తెగింది. కొత్తవాళ్ళది, పేరు తర్వాత చెబుతారు అని ఆయన ఇంటి గుమ్మంలో ఆయన చేతికే ఇచ్చాను. ఆవులించాడు. వారం పోయాక రమ్మన్నాడు. ఎనిమిది వారాలు తిరిగాను, ఆ మొదటి పేజీ మడిచి జేబులో పెట్టుకుని. బాగుందన్న మరుక్షణం తీసి పైన పెట్టి, ఇది మా చెల్లెలు రాసిందండీ అని చెబుదామని. తొమ్మిదో వారం గేటు తియ్యలేదు.

సినిమా వచ్చాక నీ హాస్టలుకి రెండుసార్లు వచ్చాను, చెబుదామనే. రెండుసార్లూ అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళిపోయాను. సొరుగులోంచి తీశాడని నువ్వే అనుకున్నావు. ఆ అనుకోవడం నాకు కలిసొచ్చింది. కోర్టుకి వెళ్తానంటే ఆపింది కూడా నీ మంచికి కాదు. కవరు బయటికొస్తే నా సంగతి బయటపడుతుందని. చించడం తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

సంఘంలో ఈ పని ఖాళీ ఉందంటే ఎగిరి చేరాను. పేర్లున్న పేజీలు కోసి దాచి, మళ్ళీ ఎవరివి వాళ్ళకి చేర్చే పని. ఆరేళ్ళలో ఒక్క పేజీ పోగొట్టలేదు. ఆవులింత రోజూ నా బల్ల ముందునుంచే వెళ్తాడు. నన్ను గుర్తుపట్టలేదు.

ఖాళీ కవరు, ఆ మొదటి పేజీ నా దగ్గరున్నాయి. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను.

అన్నయ్య

*

ఇనుప మెట్ల మేడ
ఆగస్టు 3

ఉత్తరం అందింది.

బండి టిక్కెట్టు చించేశాను. వచ్చి ఏం చూపించను, ఖాళీ చేతులా? ఆయన తన ప్రతి బల్ల మీద పెడితే దొంగ నేనవుతాను. నీ పేజీ, నీ కవరు నువ్వే ఉంచుకో.

పదకొండేళ్ళు నేను ఆయన మొహాన్నే తలుచుకుని పళ్ళు నూరాను. పక్కన నీ మొహం ఉందని తెలియదు. ఏప్రిల్‌లో ఒక మాట రాసిచ్చాను, కోపం తెచ్చుకోనని. ఆ ఉత్తరం వెనక్కి పంపించు.

*

నీళ్ళ ట్యాంకు వీధి
ఆగస్టు 9

చెల్లాయికి,

నువ్వడిగిన ఏప్రిల్ ఉత్తరం ఇందులో పెట్టాను.

నిన్న విచారణకి నేను వెళ్ళాను. ఆయన్ని న్యాయనిర్ణేతగా తీసేశారు. సినిమా నీదని కమిటీ రాసిచ్చింది, రేపు పేపర్లకి ఇస్తారు. ఆరో నిబంధన కింద నీ నంబరు కొట్టేశారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అది సబబే. వివరాలు రాయమంటే రాస్తాను. వద్దంటే ఇంతటితో ఆపుతాను.

అన్నయ్య

*

(కార్డు)
ఆగస్టు 13

ఆయన మొహం ఎలా ఉంది? ఒక్క ముక్క వదలకుండా రాయి. నీ గురించి రాయకు.

*

నీళ్ళ ట్యాంకు వీధి
ఆగస్టు 16

చెల్లాయికి,

పొడుగు బల్ల, ఐదుగురు కమిటీ, కిటికీ వైపు ఆయన. గుడ్డ సంచిలోంచి కట్ట తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. పసిపాపని పడుకోబెట్టినట్టు పెట్టాడు. ఆకుపచ్చ దారం. మూడు కుట్లు. నేను ఫైళ్ళు పట్టుకుని గోడవారగా నిలబడ్డాను.

నువ్వు రాలేదని చూసి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇలాంటివాళ్ళు రారండీ" అన్నాడు. ఎడిటింగ్ ఆవిడ కట్ట తిరగేసి, "మీ ప్రతిలో నలభై మూడో సీను లేదేం?" అంది. "అది మౌనం" అన్నాడు. "మౌనమైతే సీను రాసి అందులో మాటలు లేవని రాస్తాం కదా. ఇక్కడ ఏమీ లేదు" అంది. "మౌనాన్ని రాయకూడదమ్మా, అదే కళ" అన్నాడు. పక్కాయన తల ఊపాడు. ఆవిడ ఊపలేదు.

అప్పుడు నేను ముందుకెళ్ళి, ఒక మాట చెప్పాలండీ అన్నాను. నేను నోరు తెరవగానే ఆయన ఆవులించాడు. నిజంగానే, నోరంతా తెరిచి. "ఈ కట్ట పదకొండేళ్ళ కిందట మీ గుమ్మంలో మీ చేతికిచ్చింది నేను" అన్నాను. ఆవులింత సగంలో ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుని ఉంది, మూయడం మర్చిపోయాడు. పై వరసలో బంగారు పన్ను కూడా కనిపించింది.

"గుమాస్తాకి మతి పోయింది" అన్నాడు. నేను జేబులోంచి పేజీ తీసి బల్ల మీద పెట్టాను. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, నీ పేరు, తారీఖు, సంతకం. పక్కన ఖాళీ కవరు, పోస్టాఫీసు ముద్రతో. "చించిన కవరు, విడి కాగితం! ఎవరైనా తయారుచేస్తారు" అన్నాడు. గొంతు పైకి లేచింది గానీ చెయ్యి కట్ట మీదికి పాకింది, వెనక్కి తీసుకుందామని. ఆవిడ ముందే దాని మీద చెయ్యి వేసింది.

మొదటి పేజీ నేను కోసేటప్పుడు కుట్టు దగ్గర ఒక వేలెడు వెడల్పు ముక్క దారంలోనే ఉండిపోయింది. వంకర టింకరగా. పదకొండేళ్ళూ అది ఆయన దగ్గరే ఉంది. దాని పక్క పేజీ మీద ఎర్ర పెన్సిలుతో తన పేరు రాసుకున్నాడు కూడా. పీలికని మాత్రం చూసుకోలేదు. ముక్కా ముక్కా అతకడమే ఆవిడ బతుకుతెరువు కదా. నా పేజీ తీసి ఆ పీలిక పక్కన జరిపింది. వంకర వంకరలో కూర్చుంది. రెంటి మధ్య సందు కూడా కనపడలేదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, కట్టని మిగతా నలుగురి వైపూ తిప్పింది.

ఆయన మొహం అడిగావు. ముందు నవ్వబోయాడు, పెదవి ఒక పక్కే లేచింది. తర్వాత చెంపలు జారాయి. నిగారింపు అన్నావే, అది పోయింది. మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగకుండానే దించాడు, నీళ్ళు ఒలికి ఆయన ఫిర్యాదు కాగితం తడిసింది. "అది... ఎవరో ఇచ్చారు... చాలామంది ఇస్తుంటారు" అన్నాడు. "ఎవరిచ్చారో మీకు గుర్తుందా?" అని ఆవిడ అడిగితే నా వంక చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. ఆ చూపు నీ కోసం జాగ్రత్తగా చూసి పెట్టుకున్నాను. కళ్ళు నా మొహం మీద ఆగి, గేటు దగ్గరకి వెళ్ళి, తిరిగొచ్చినట్టున్నాయి. లేచి వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు. గుడ్డ సంచి మర్చిపోయాడు. మెట్ల దగ్గర కుర్రజర్నలిస్టు ఒకడు "సార్, ఆ మౌనం గురించి..." అని అడిగితే నిజంగానే మౌనంగా వెళ్ళాడట.

నా గురించి రాయొద్దన్నావు. రాయలేదు.

అన్నయ్య

*

ఇనుప మెట్ల మేడ, పై గది
సెప్టెంబరు 1

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. బంగారు పన్ను దగ్గర ప్రతిసారీ ఆగుతున్నాను. పదకొండేళ్ళ ఆకలి తీరింది. తీరాక ఏముంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు, ఇప్పుడు చూస్తున్నాను. పేపర్లో నా పేరు చూసి మా మేనేజరు ఆఫీసంతా చదివి వినిపించింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. నాకు ఆ వంకర కోత ఒక్కటే కళ్ళ ముందు కనపడింది. నన్ను ముంచింది అదే, నిలబెట్టింది అదే. అందుకే నీ మీద తిన్నగా కోపం కూడా తెచ్చుకోలేకపోతున్నాను. దానికి ఇంకా కోపంగా ఉంది.

నలభై మూడో సీను మళ్ళీ రాశాను. ఈసారి అక్కాచెల్లెళ్ళు కాదు, అన్నాచెల్లెళ్ళు. అన్న వచ్చి ముందు కుళాయి గురించి మాట్లాడతాడు. తర్వాత మోకాలు. తర్వాత గోడ చెమ్మ. చివరికి చెబుతాడు. అన్ని సూచనల పుస్తకాలు రాసినా ఇది మాత్రం నాకు నువ్వే నేర్పావు. చెప్పాక చెల్లెలు ఏమందో, క్షమించిందో, ఏ మాటతో క్షమించిందో, లేక తలుపు వేసేసిందో, అది ఆఖరి పేజీలో ఉంది.

ఆ సీను ఈ రిజిస్టరు కవర్లో ఉంది. ఆకుపచ్చ దారం, లక్క సీలు, మొదటి పేజీ మీద నా పేరు. పోస్టాఫీసు ముద్ర కొట్టించేటప్పుడు గుమాస్తాని గట్టిగా కొట్టమన్నాను.

తెరవకు.

తెరవకుండా ఉందని నమ్ముకుని నేను పదకొండేళ్ళు బతికాను. ఇప్పుడు నీ వంతు. లోపల ఏముందో నువ్వు అడగకూడదు, నేను చెప్పను. తెరవాలనిపించినప్పుడల్లా జేబులో మడిచిన పేజీతో ఎనిమిది వారాలు తిరిగావే, ఆ గేటు గుర్తు తెచ్చుకో. పదకొండేళ్ళయ్యాక నేనే వస్తాను. సీలు నా చేత్తో తీసి, నీకు చదివి వినిపిస్తాను.

నీ చెల్లెలు

*

నీళ్ళ ట్యాంకు వీధి, కింది వాటా
సెప్టెంబరు 6

చెల్లాయికి,

కవరు అందింది. సీలు గట్టిగా ఉంది.

పెట్టెలో పెట్టలేదు. తలెత్తితే కనపడేట్టు నా బల్ల మీదే పెట్టాను. మీ వదిన కెటిల్ ఆవిరి దగ్గర పట్టుకుంటే సీలు దానంతటదే ఊడొస్తుంది, మళ్ళీ అంటిద్దాం అంది. వద్దన్నాను. ఒక మూల పట్టుకుని దీపం ముందు పెట్టి చూద్దామంది. అదీ వద్దన్నాను. కవరుని మాత్రం రోజుకోసారి తుడుస్తోంది, నాకంటే జాగ్రత్తగా.

ఇప్పుడు నాకు యాభై రెండు. అరవై మూడు దాకా ఉండాలి. ఇవాళ పొద్దుట్నుంచి నడవడం మొదలుపెట్టాను, డాక్టరు ఎప్పట్నుంచో చెబుతున్నాడు.

గోడ చెమ్మ ఆరింది.

అన్నయ్య